ఎండకు పాడైన పాత కారు ఫైబర్ బాడీని బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం. కూలర్ బాడీలు, నీళ్ల ట్యాంకులు, బాత్‌రూం తలుపులు పోస్తూ ఫైబర్ పనిలో, అంటే గాజుపోగుల్ని రెసిన్ అనే చిక్కటి జిగురులో తడిపి గట్టిపరిచే పనిలో, పాతికేళ్లు గడిచాయి. పదేళ్ల కిందట ఒక పాత సిపానీ డాల్ఫిన్ కారు కొన్నాను. ఆరుబయట ఏళ్ల తరబడి నిలబడి, టైర్లు నేలకు అంటుకుపోయి, చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుకునే స్థితిలో ఉండేది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాక ఫైబర్ భాగాలున్న పాత బళ్లవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "పెయింటు ఎప్పుడేద్దామన్నా?" అని. ఇప్పుడే కాదనే చెబుతాను. ఫైబర్ పనిలో పెయింటు చివరి రెండు రోజుల సంగతి. ముందున్న నెల రోజుల పని గురించే ఇక్కడ రాస్తున్నాను.

ఫైబర్ బాడీ ఉన్న పాత కార్లు మన వైపు ఉన్నాయా?

తక్కువే గానీ ఉన్నాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు మనకు నాలుగు గంటల దూరం. అక్కడ తయారైన బళ్లు కొన్ని ఇటు చేరాయి. సిపానీ వాళ్లు ముందు బాదల్ అనే మూడు చక్రాల బండి చేశారు, 1980ల మొదట్లో డాల్ఫిన్ తెచ్చారు. డాల్ఫిన్‌కు మూలం ఇంగ్లండులోని రిలయంట్ కంపెనీ చేసిన కిట్టెన్ కారు. 848 సీసీ ఇంజిను, కింద ఇనప ఛాసీ, పైన ఫైబర్ బాడీ, రెండే తలుపులు. బరువు తక్కువ కాబట్టి ఆ రోజుల్లో దక్షిణాదిలో ర్యాలీలకు కూడా దాన్ని బాగా వాడారు. తర్వాత నాలుగు తలుపుల మోంటానా వచ్చింది. 1990ల చివర్లో పైకప్పు లేని శాన్ స్టార్మ్ వచ్చింది, అదీ ఫైబరే.

నా దగ్గరికి వీటికన్నా ఎక్కువగా వచ్చేవి పాత జీపుల ఫైబర్ టాపులు, తర్వాత బిగించుకున్న మడ్‌గార్డులు, బానెట్లు. పద్ధతి అన్నిటికీ ఒకటే. 1953లో అమెరికాలో చేత్తో పోసిన మొదటి 300 కార్వెట్ కార్లకైనా ఇదే గాజు, ఇదే రకం రెసిన్.

నా కారు భాగం ఫైబరా, ప్లాస్టిక్కా? ఎలా గుర్తుపట్టాలి?

లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట 120 నంబరు శాండ్ పేపరుతో (నంబరు పెరిగేకొద్దీ పేపరు నునుపు) కొంచెం రుద్దండి. ఫైబరైతే పొడి రాలుతుంది, చర్మానికి తగిలితే దురద పెడుతుంది. ప్లాస్టిక్కైతే దూదిపోగుల్లా, తీగల్లా లేస్తుంది. ఫైబర్ వెనక వైపు సాధారణంగా గరుకుగా ఉంటుంది, గాజుపోగులు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. బెంగళూరు రేవా కారు బాడీ ఏబీఎస్ ప్లాస్టిక్కు. దానికి ఈ పద్ధతులేవీ పనికిరావు. ఇటీవలి కార్ల నల్ల బంపర్లూ అంతే.

ఫైబర్ ఎందుకిలా తెల్లబడి పొడి రాలుతుంది?

మట్టిగోడలో వరిగడ్డి కలిపినట్టు ఇందులో రెసిన్ లోపల గాజుపోగులు ఉంటాయి. బలం పోగులది. ఆ పోగుల్ని కదలకుండా పట్టి ఉంచేది రెసిన్. పైన అర మిల్లీమీటరు మందాన జెల్‌కోట్ అనే పొర ఉంటుంది. బండికి అదే చర్మం.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు గాజును ఏమీ చేయవు, రెసిన్‌ను కొరుకుతాయి. పై పొరలో రెసిన్ తునిగి పొడైపోతే రంగు పొడి, నింపుడు పొడి మాత్రం మిగులుతాయి. చేతికి అంటుకునే తెల్లదనం అదే. అది అలాగే సాగితే జెల్‌కోట్ పలచబడి, కింద గాజుపోగుల వరసలు బయటపడతాయి. పోగులు బయటపడ్డాక వాటి వెంట నీళ్లు లోపలికి దిగుతాయి. మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన కాబట్టి నీటి బాధ తక్కువ, ఎండ బాధ ఎక్కువ. కోస్తా నుంచి వచ్చిన బండికీ మన బండికీ చెడిన తీరులో తేడా చూస్తే తెలుస్తుంది. మన బళ్లలో పైకప్పు, బానెట్, డిక్కీ మూత పోతాయి. తలుపుల కింది భాగాలు గట్టిగానే ఉంటాయి.

భాగం ఏ స్థితిలో ఉందో ముందే తెలుసుకునే దారి ఉందా?

ఉంది. నేనెప్పుడూ చేసేది మూడు పనులు.

తడిగుడ్డతో తుడవండి. తడిగా ఉన్నంతసేపూ రంగు నిండుగా కనిపించి, ఆరగానే వెలిసిపోతే పొర బతికే ఉంది, మెరుగు తెప్పించొచ్చు. తడిలో కూడా మచ్చలు, పోగుల గీతలు కనిపిస్తే జెల్‌కోట్ పోయినట్టే, పెయింటు తప్పదు.

రూపాయి బిళ్ల అంచుతో అంగుళం అంగుళానికీ కొట్టుకుంటూ పోండి. గట్టిగా ఉన్నచోట ఠంగున మోగుతుంది. పొరలు విడిపోయిన చోట మొద్దుగా, ఎండు సొరకాయ మీద కొట్టినట్టు వినిపిస్తుంది. అలాంటి చోటల్లా పెన్సిల్‌తో గుండ్రంగా గీసి పెట్టుకోండి.

మూడోది రాత్రి పని. భాగాన్ని విప్పి, వెనక నుంచి బల్బు పెట్టి ముందు నుంచి చూడండి. పైన పెయింటు దట్టంగా లేకపోతే లోపలి విరుగుడు, ఎప్పుడో పెట్టిన పాత అతుకు, గాలి బుడగలు నల్లటి నీడలుగా కనబడతాయి. నా డాల్ఫిన్ బానెట్‌లో ఎవరో ఇరవై ఏళ్ల కింద వేసిన అతుకు ఇలాగే దొరికింది. పైకి ఏమీ లేదు. లోపల అరచేయంత నీడ.

మొదట ఎలా కడగాలి?

అనంతపురం బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే తెల్లటి ఉప్పుమచ్చలు పడతాయి. కడగడానికి బోరు నీళ్లు వాడినా, ఆఖరు బకెట్టు మాత్రం ఫిల్టర్ నీళ్లు పోసి వెంటనే మెత్తటి గుడ్డతో అద్దండి. బట్టల సబ్బు వద్దు, కారు షాంపూ చాలు.

అంతకన్నా ముఖ్యమైనది పాత మైనం, సిలికాన్ పాలిష్ తీసేయడం. పేపరు పట్టకముందే వ్యాక్స్ రిమూవర్‌తో గుడ్డ మార్చి మార్చి తుడవాలి. ఇది చేయకుండా పేపరు కొడితే ఆ సిలికాన్ గీతల్లోకి దిగి కూర్చుంటుంది. రెండు నెలల తర్వాత పెయింటు కొట్టేటప్పుడు చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. అప్పుడు పెయింటరును తిట్టి లాభం లేదు.

పాత పెయింటు పేరుకుపోయింది. పెయింట్ రిమూవర్ రాయొచ్చా?

రాయొద్దు. ఇనుముకు రాసే రిమూవర్ ఫైబర్‌లోని రెసిన్‌ను కూడా మెత్తబరుస్తుంది. నా బండి ఎడమ తలుపుతో ఈ పాఠం నేర్చుకున్నాను. నేను ఊళ్లో లేని రోజున ఒక పెయింటింగ్ షాపులో ఇనప తలుపులకు రాసినట్టే దీనికీ రాసి వదిలేశారు. మర్నాడు వెళ్లి గోరుతో నొక్కితే వానకు తడిసిన బెల్లంలా దిగింది. కింద పోగులు బయటికి తేలి ఉన్నాయి. ఆ పై పొరంతా గీకి, ఎండబెట్టి, కొత్త మ్యాట్ (గాజుపోగులు పరిచి అతికించిన గుడ్డలాంటి షీటు) వేయడానికి మూడు వారాలు పట్టింది.

హీట్ గన్ కూడా వద్దు. ఈ రెసిన్ 70, 80 డిగ్రీలకే మెత్తబడి వంపు మారిపోతుంది. ఇసుక కొట్టించడం అసలే వద్దు, అది జెల్‌కోట్‌ను సూదులతో పొడిచినట్టు చిల్లులు చేస్తుంది. ఓపికగా 180తో మొదలుపెట్టి 240, 320 పేపర్లతో చెక్కబిళ్ల పట్టి రుద్దడమే మంచి దారి. పాత పెయింటు పొరలు మరీ మందంగా ఉంటే వెడల్పు ఉలి లాంటి బ్లేడును వాల్చి పట్టి గీకొచ్చు. కింది జెల్‌కోట్ రంగు కనబడగానే ఆగాలి.

పెయింటు లేకుండా అసలు జెల్‌కోట్‌కే మెరుపు తేవచ్చా?

పొర మిగిలి ఉంటే తప్పకుండా తేవచ్చు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. కొన్ని భాగాలకు రంగు జెల్‌కోట్‌లోనే ఉంటుంది, కొన్నిటికి పైన పెయింటు ఉంటుంది. లోపలి అంచున కొంచెం రుద్ది చూస్తే తెలిసిపోతుంది.

అర మిల్లీమీటరు పొరలో ఎండకు చచ్చింది పైపై పిసరంతే. ఆ పిసరే తీయాలి. అందుకే గరుకు పేపరుతో మొదలుపెట్టకూడదు. అరచేయంత చోట ముందు ఉత్త రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది చూడండి. మెరిస్తే పేపరు అక్కర్లేదు. మెరవకపోతే 1500 వాటర్ పేపరు. అదీ చాలకపోతే 1000, ఆ తర్వాతే 800. ఎక్కడ పని జరిగితే అక్కడి నుంచి మళ్లీ వెనక్కి రావాలి: 800 తర్వాత 1000, 1500, 2000, కాంపౌండ్, పాలిష్, మైనం. ఒక్క నంబరు దాటవేసినా పైకి మెరుస్తుంది గానీ సాయంత్రపు ఏటవాలు ఎండలో గీతలన్నీ బయటపడతాయి.

బకెట్టులో నీళ్లు, నాలుగు చుక్కల షాంపూ. పేపరును రబ్బరు బిళ్లకు చుట్టి పట్టుకోవాలి, వేళ్లతో పట్టుకుంటే వేళ్ల దారిలో పల్లాలు పడతాయి. మొదట్లో పాలలాంటి చిక్కటి నీళ్లు కారతాయి. అదంతా చచ్చిన పొర. కారే నీళ్ల రంగు బండి అసలు రంగుకు తిరిగిందంటే బతికిన పొర తగిలినట్టే. అక్కడ చెయ్యి ఆపాలి. నా డాల్ఫిన్ డిక్కీ మూత మీద ఆ మార్పు మొదటిసారి చూసిన రోజు పేపరు పక్కనపెట్టి చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్ల కింద ఫ్యాక్టరీలో పోసిన రంగు అది.

అంచులు, మలుపులు, గీతల వంపుల దగ్గర టేపు అంటించి రుద్దండి. పొర అక్కడే పలచన. మిషను వాడితే తక్కువ వేగంలో, నీడలోనే వాడాలి. ఒకే చోట నిలిపితే వేడికి కమిలిపోతుంది.

సాలెగూడు లాంటి పగుళ్లు ఉన్నాయి. పుట్టీ పెట్టినా మళ్లీ వస్తున్నాయి, ఎందుకు?

తాడిపత్రి నుంచి ఒక కుర్రాడు బానెట్‌ను ఆటోలో వేసుకొచ్చాడు. "మూడుసార్లు పుట్టీ పెట్టించినా అన్నా, ఆర్నెల్లకే మళ్లా అదే గీత" అన్నాడు. బానెట్‌ను తిప్పి చూస్తే మడతబందు బోల్టు దగ్గర వెనక పొర కదులుతోంది. బోల్టు చుట్టూ బానెట్ వంగిన ప్రతిసారీ పై పొర పగులుతోంది. పైన ఎన్నిసార్లు నింపినా లోపల కదలిక ఆగలేదు.

పగులు తీరు చూస్తే కారణం తెలుస్తుంది. ఒక చుక్క నుంచి నక్షత్రంలా విచ్చుకుంటే దెబ్బ తగిలింది, బహుశా వెనక నుంచి. సమాంతరంగా గీతలు గీతలుగా ఉంటే అక్కడ వంగుతోంది. అందుకని ముందు వెనక వైపు పని. 80 పేపరుతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, 450 గ్రాముల మ్యాట్ (చదరపు మీటరుకు అంత బరువున్నది) రెండు పొరలు వేసి గట్టిపరచాలి. బోల్టు దగ్గర వెడల్పు వాషరు, దాని కింద రబ్బరు ముక్క పెట్టాలి. బోల్టును పళ్లు బిగబట్టి బిగించొద్దు, ఫైబర్ నలిగిపోతుంది.

ఇది ఆరాకే ముందు వైపు. ప్రతి గీతనూ చిన్న గ్రైండర్ ముక్కుతో 'వి' ఆకారంలో తెరవాలి. గీత చివర వరకూ వెళ్లాలి, అర అంగుళం వదిలేసినా అక్కడి నుంచి మళ్లీ పాకుతుంది. తర్వాత జెల్‌కోట్‌తో గానీ, చిక్కబరిచిన ఎపాక్సీ రెసిన్‌తో గానీ నింపాలి. గీతలు వందల్లో ఉంటే ఒక్కొక్కటీ తెరవడం వృథా. ఆ భాగం మీది జెల్‌కోట్ మొత్తం తీసేసి, పలచటి గాజు టిష్యూ ఒక పొర వేసి, పైన ప్రైమర్ కొట్టడం మేలు. ఆ కుర్రాడి బానెట్‌కు అదే చేశాం.

విరిగి చిల్లుపడిన చోట ఎలా అతకాలి?

చిల్లు ఎంతుంటే అంతే ముక్క కోసి అతికించడం అందరూ చేసే తప్పు. అంచుకు అంచు ఆనిస్తే ఆ అతుకుకు పట్టు ఉండదు. చుట్టూ ఏటవాలుగా, పళ్లెం అంచులా గ్రైండ్ చేయాలి. మందానికి పన్నెండింతల వెడల్పు ఏటవాలు ఉండాలన్నది మా పనిలో లెక్క. బాడీ 3 మిల్లీమీటర్లుంటే చిల్లు చుట్టూ ఒకటిన్నర అంగుళం. చిన్న చిల్లు చూస్తుండగానే పెద్ద గుంతయిపోయిందని బండి ఓనరు మొహం వాడిపోతుంది. ఏం ఫరవాలేదు, బలం ఆ వెడల్పులోనే ఉంది.

వీలైతే వెనక నుంచి వేయండి. ముందు వైపు అట్టముక్క మీద ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం) పరిచి టేపుతో గట్టిగా అదిమి కట్టేస్తే బయటి వంపు చెక్కుచెదరదు. రెసిన్ ఆ షీటుకు అంటుకోదు, విప్పగానే ఊడొస్తుంది.

మ్యాట్‌ను కత్తెరతో కాకుండా చేత్తో చింపండి. చింపిన అంచు పలచబడి పక్క పొరలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గట్టులా నిలబడుతుంది. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర ఆరాక దాదాపు ఒక మిల్లీమీటరు. మూడు మిల్లీమీటర్లకు మూడు పొరలు. మ్యాట్ బరువుకు రెండింతల నుంచి రెండున్నర ఇంతల రెసిన్ చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క ఒక పొరకు వంద గ్రాములు అనుకోండి. ముందు గుంతకు రెసిన్ పూయాలి, దాని మీద మ్యాట్ పెట్టాలి, బ్రష్‌తో పొడుస్తూ అద్దాలి. ఇల్లలికినట్టు బ్రష్‌ను లాగితే పోగులు లేచి వస్తాయి. తెల్లగా ఉన్న మ్యాట్ తడిసేకొద్దీ గాజులా పారదర్శకమవుతుంది. ఎక్కడ తెల్లదనం మిగిలితే అక్కడ గాలి ఉంది. బుడగల్ని రోలరుతో అంచుల వైపు తరిమేయాలి.

ఒక రోజంతా వదిలేసి అప్పుడు గ్రైండ్ చేయండి. పైన జిగట మిగిలితే కంగారు వద్దు. ఈ రెసిన్‌కు గాలి తగిలితే పై పొర సరిగా ఆరదు. ఆఖరి పొర మీద ఓహెచ్‌పీ షీటు కప్పితే జిగట ఉండదు. లేదంటే అసిటోన్‌తో తుడిచి పేపరు పట్టండి.

పుట్టీతోనే నింపేస్తే?

పుట్టీలో పోగులు ఉండవు, బలం ఉండదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పల్లం సరిచేయడానికి మాత్రమే. అంతకుమించి మందంగా పెడితే మన ఎండకు ఒకటి, రెండు వేసవుల్లో అంచులు విచ్చుకుంటాయి.

హార్డనర్ ఎంత కలపాలి? మన వేడికి తగ్గించాలా?

హార్డనర్ అంటే రెసిన్‌ను గట్టిపరిచే మందు. నూరు గ్రాముల రెసిన్‌కు ఒకటి నుంచి రెండు గ్రాములు. మన వేసవిలో ఒకటి, డిసెంబరు ఉదయాల్లో రెండు. ఎండ మండుతోందని ఒకటికన్నా తగ్గిస్తే పైకి గట్టిపడినట్టున్నా లోపల పూర్తిగా ముదరదు, ఏళ్ల తర్వాత కూడా వాసన వస్తూనే ఉంటుంది. హార్డనర్ తగ్గించడం కాదు, పని వేళ మార్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నేను తెల్లారి ఐదున్నరకు కలుపుతాను, ఎనిమిదికి బ్రష్‌లు కడిగేస్తాను.

ఒక మే నెల మధ్యాహ్నం, పని ముగించాలన్న తొందరలో అరకిలో రెసిన్‌ను ప్లాస్టిక్ మగ్గులో ఒకేసారి కలిపాను. రెండో పొర వేస్తుండగానే మగ్గు చేతికి కాలింది. కింద పెట్టేలోపు పొగ, మరో నిమిషానికి మగ్గు అడుగు కరిగి నేలకు అంటుకుపోయింది. రెసిన్ గట్టిపడేటప్పుడు సొంతంగా వేడి పుట్టిస్తుంది. లోతుగా ఒకేచోట ఉంటే ఆ వేడి బయటికి పోలేక పెరిగిపోతుంది. అప్పటి నుంచి వెడల్పు పళ్లెంలో నూరు, నూటయాభై గ్రాములకు మించి కలపను. మిగిలిన రెసిన్‌ను చెత్తబుట్టలో వేయకండి, కాగితాలు అంటుకుంటాయి. ఇసుకలో పోసి చల్లారనివ్వండి.

ఇంకొక్క మాట ప్రాణానికి సంబంధించింది. కొన్నిచోట్ల రెసిన్, కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే మందు), హార్డనర్ మూడు సీసాల్లో విడిగా ఇస్తారు. కోబాల్ట్‌నూ హార్డనర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు. భగ్గుమంటుంది, పేలవచ్చు. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపేయాలి, ఆ తర్వాతే హార్డనర్. రెసిన్ గులాబీ, ఊదా ఛాయలో ఉంటే కోబాల్ట్ ముందే కలిపి ఉండొచ్చు, కొనేటప్పుడే అడగండి. కొలతకు ఒకే చెంచా రెండిటికీ వాడకండి. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకునే కలపాలి, పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎపాక్సీ మంచిదా, మామూలు పాలిస్టర్ రెసినా?

పాత ఫైబర్ మీద అతుకుకు ఎపాక్సీ పట్టు ఎక్కువ. ధరా ఎక్కువే. వెనక వైపు బలమైన అతుకులకు అది వాడితే మంచిది. కానీ ఎపాక్సీ మీద మళ్లీ పాలిస్టర్ జెల్‌కోట్ సరిగా పట్టదు, కాబట్టి పైన పెయింటు కొట్టే చోటే ఎపాక్సీ. ఇంకొకటి, మామూలు మ్యాట్‌లో పోగుల్ని కలిపి ఉంచే జిగురు పాలిస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. అందువల్ల ఎపాక్సీకి నేసిన గాజు గుడ్డ కొనండి. రెసిన్ ఎప్పుడు తయారైందో డబ్బా మీద చూసి కొనండి. వేడి గదిలో ఏడాది మూలుగుతున్న పాలిస్టర్ రెసిన్ చిక్కబడి జెల్లీలా ఉంటుంది, అది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

భాగం పూర్తిగా పోయింది. కొత్తది పోయించొచ్చా?

అవతలి వైపు భాగమో, ఇంకొకరి బండి భాగమో దొరికితే దాని మీద మైనం ఐదారుసార్లు రుద్ది, పీవీఏ (అచ్చు అంటుకోకుండా పూసే ద్రవం) పూసి, అచ్చు తీసి పోయొచ్చు. వినాయకుడి బొమ్మలు, కూలర్ బాడీలు పోసే పనివాళ్లకు ఈ పని తెలుసు. కారు పని అనగానే జంకుతారు, పక్కన నిలబడి వివరిస్తే చేస్తారు. అరువు తెచ్చిన భాగం మీద ముందు ఒక మూల చిన్న ముక్క పోసి ఊడుతుందో లేదో చూడండి. మొత్తం అంటుకుపోతే రెండూ పోతాయి.

చదునైన పలకలు, అంటే ఫ్లోర్ ముక్కలో, డాష్‌బోర్డు వెనక పలకలో అయితే పాలిష్ పట్టిన కడప నల్లబండకు మించిన అచ్చు లేదు. బండకు మైనం రుద్ది, దాని మీదే జెల్‌కోట్, మ్యాట్ వేసుకుంటూ పోతే అద్దంలాంటి ముఖం వస్తుంది. నా షెడ్డులో ఇంటి అరుగుకు తెచ్చి మిగిలిన బండ ఒకటి ఉంది, ఎన్ని పలకలు పోశానో లెక్కలేదు.

పెయింటు ఏ నెలలో వేయాలి?

ఆషాఢం గాలిలో మాత్రం వద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా మన వైపు గాలి ఎంత దుమ్ము మోస్తుందో చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. వాన పడిన రెండు మూడు రోజులు మానుకోవాలి.

వేసవిని వృథా చేసుకోవద్దు. కొత్తగా పోసిన అతుకు వారాల తరబడి కొంచెం కొంచెంగా కుంచించుకుంటుంది. వెంటనే పెయింటు వేస్తే మొదటి వేసవిలోనే లోపలి మ్యాట్ అచ్చు పైకి తేలుతుంది. అందుకే అతుకులన్నీ మార్చిలో ముగించి, ప్రైమర్ కూడా లేకుండా భాగాలను వారం పది రోజులు ఎండలో పెడతాను, వంపు మారకుండా చదునుగా ఆనించి. బాడీని పాడుచేసిన ఎండే రెసిన్‌ను ముదరబెడుతుంది, కుంచించుకునేదేదో అప్పుడే కుంచించుకుంటుంది. తర్వాత మళ్లీ చేత్తో తడిమి, పల్లాలు సరిచేసి, చలికాలం కోసం ఆగుతాను.

ఏ ప్రైమర్, ఏ పెయింటు?

ఎపాక్సీ ప్రైమర్, దాని మీద టూకే (రెండు డబ్బాలు కలిపి వాడే) పీయూ, అంటే పాలియురెథేన్, సర్ఫేసర్, పైన పీయూ పెయింటు. ప్రైమర్ మీద వేరే రంగు పొడి చల్లి 400తో రుద్దితే ఎత్తుపల్లాలు కనబడతాయి. సన్నటి సూది చిల్లులు కనిపిస్తే ప్రైమర్‌తో మూసుకుపోతాయని వదిలేయకండి, మూసుకోవు. సన్న పుట్టీని బ్లేడుతో చిల్లుల్లోకి అదిమి గీకేయాలి. రంగు విషయంలో నా సలహా లేత రంగులే. మధ్యాహ్నం ఎండలో నల్ల బానెట్ మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడి ఫైబర్‌కు మంచిది కాదు.

పీయూ పెయింటు హార్డనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. దుమ్ము మాస్కు దాన్ని ఆపదు. బయటి గాలి అందించే మాస్కు ఉన్న పెయింటరు దగ్గరే కొట్టించండి. జేబురుమాలు కట్టుకుని రోజూ కొట్టిన కుర్రాళ్లు ఊపిరితిత్తులు పాడుచేసుకోవడం నేను కళ్లారా చూశాను.

దురద తట్టుకోలేకపోతున్నాను, ఏం చేయాలి?

పని ముందు ముంజేతులకు టాల్కం పౌడరు దట్టంగా పూసుకోండి, చర్మంలోకి గాజుపోగులు అంత సులువుగా దిగవు. నిండు చేతుల చొక్కా, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. తడిపి రుద్దితే దుమ్మే లేవదు. పని అయ్యాక చన్నీళ్లతోనే స్నానం. వేణ్నీళ్లు పోసుకుంటే దురద ఇంకా ఎక్కువవుతుంది. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకకండి, పసిపిల్లలుంటే మరీ.

బాడీ బాగైంది, లైట్లు మాత్రం వెలగడం లేదు. వైరింగు పోయిందా?

పోయి ఉండదు. ఇనప కారులో బాడీయే ఎర్త్. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి లైటుకూ విడిగా ఎర్త్ వైరు ఉంటుంది. భాగాలు విప్పి బిగించేటప్పుడు ఆ వైరును వదిలేస్తారు, లేదా దాని చివర కొత్త పెయింటు పడుతుంది. ఛాసీ మీద ఎర్త్ బోల్టును గీకి శుభ్రం చేసి బిగించండి. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మినుకుమంటోందన్నా కారణం చాలాసార్లు ఇదే. విప్పే ముందు ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకుంటే ఈ తిప్పలే ఉండవు.

రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించాలా?

రాయించాలి. పాత రంగే వేస్తే అక్కర్లేదు. వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి కూడా అడుగుతుంటారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం దానికి బండి వయసు యాభై ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకూడదు. డాల్ఫిన్‌లకు ఇంకా ఆ వయసు రాలేదు. ఆ రోజు కోసమైనా కొత్త ఫ్యాషన్ స్పాయిలర్లు, వెడల్పు మడ్‌గార్డులు అతికించకుండా ఉన్నది ఉన్నట్టు కాపాడుకోండి.

బాగుచేశాక మళ్లీ పాడవకుండా ఎలా చూసుకోవాలి?

నీడ. అన్నిటికన్నా ముందు అదే. రేకుల షెడ్డు వేయలేకపోతే గాలి ఆడే గుడ్డ కవరు కప్పండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల ఉడికిపోతుంది, గాలికి కొట్టుకుని గీతలు పడతాయి. దుమ్ము ఉన్న బాడీ మీద కవరు లాగినా అంతే, ముందు నీళ్లు కొట్టి దుమ్ము పోగొట్టాలి. చెట్టు నీడ మంచిదే గానీ పక్షి రెట్టలు మన ఎండకు గంటల్లో మరకవుతాయి, తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి.

మూడు నెలలకోసారి మైనం. ఉగాదికి ముందు ఒకటి తప్పకుండా వేస్తాను, రాబోయే మూడు నెలల ఎండకు అదే గొడుగు. ఆ పూట బానెట్ మీద నీళ్లు చల్లి చూస్తాను. చుక్కలు ముత్యాల్లా నిలబడితే పొర ఉంది. పలచగా పరుచుకుపోతే మళ్లీ డబ్బా మూత తీయాల్సిందే.